బాధపెడుతుందని తెలిసినా మళ్ళీ చూడాలనిపిస్తే...

ఈ శీర్షికలో ఇంతవరకు బి.పి., షుగరు, బాలింతల ఆహారం, పాముకాటు వంటి విషయాలు రాస్తూ వచ్చాము. ఈసారి రాస్తున్నది రక్తపరీక్షలో గాని, ఎక్స్‌రేలో గాని కనపడని ఒక బాధ గురించి. ఇది మీ ఇంట్లో కూడా ఎవరికో ఒకరికి ఉండే ఉంటుంది. అడిగితే తప్ప చెప్పరు. చెప్పడానికి సిగ్గుపడతారు.

కొంతకాలం క్రితం మా ఓ.పి.కి యాభై దాటిన ఒక రైతు వచ్చాడు. గుండెల్లో బరువుగా ఉందని, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని చెప్పాడు. ఇ.సి.జి. తీశాము, నార్మల్‌గా ఉంది. షుగరు లేదు. బి.పి. కొంచెం ఎక్కువగా ఉంది. డాక్టరుగారు మందు రాసి పంపించారు. రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు. అదే బాధ. మూడోసారి వచ్చినప్పుడు ఆయన భార్య మమ్మల్ని పక్కకు పిలిచింది. "సిస్టరమ్మా, ఆయన రాత్రంతా ఆ ఫోను చూస్తూ కూర్చుంటాడమ్మా. లాక్కుంటే కొట్టినంత పని చేస్తాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు సంగతి బయటపడింది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు రెండు నెలల క్రితం మోటారు సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఆ దారిన పోయేవాళ్ళెవరో రోడ్డు మీద పడివున్న ఆ అబ్బాయిని ఫోనులో వీడియో తీశారు. అది గ్రూపుల్లో తిరిగి తిరిగి చివరికి కన్నతండ్రి ఫోనుకే వచ్చింది. రెండు నెలలుగా ఆయన ప్రతి రాత్రి దానిని చూస్తున్నాడు. ఒక్కసారి కాదు, పది, పదిహేనుసార్లు. (ఊరూ పేరూ రాయడం లేదు. ఆయన ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాము.)

మా తప్పు

ముందుగా మా తప్పు మేమే చెప్పుకోవాలి. ఆ రోజు మేము ఆయనతో అన్న మొదటి మాట "ఇంక చూడకండి బాబాయ్, తీసేయండి" అని. అందరూ అనే మాటే. ఆయన తల వంచుకుని "అట్టాగేనమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి కూడా చూశాడు. చూడకూడదని ఆయనకు తెలియదా? మాకంటే ఎక్కువే తెలుసు. తెలిసినదాన్నే మళ్ళీ చెప్పి, ఏదో వైద్యం చేసినట్టు మేము తృప్తి పడ్డాము.

ఇంకొక తప్పు ఉంది. ఆ వీడియో వచ్చిన కొత్తలో మా పిల్లల్లో కొందరు నైట్ డ్యూటీలో, డ్యూటీ రూములో దానిని చూశారట. ఈ విషయం తర్వాత తెలిసింది. పిలిచి అడిగితే ఒక స్టాఫ్ నర్సు నిజాయితీగా చెప్పింది: "చూస్తే అన్నం సయించదని తెలుసు సిస్టర్. అయినా ఒకసారి చూశాను. తర్వాత ఇంకోసారి చూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు." ఆ అమ్మాయిని కోప్పడలేకపోయాము. మేము కూడా రోడ్డు మీద ప్రమాదం జరిగితే బస్సు కిటికీలోంచి తల తిప్పి చూసినవాళ్ళమే. కళ్ళు మూసుకోవాలనుకుంటూనే చూసినవాళ్ళమే.

అందుకే ఈ విషయం చెడ్డవాళ్ళకో, బలహీనులకో సంబంధించినది అనుకోకండి. ఇది మనుషులందరిలో ఉన్నదే.

కన్ను అటే ఎందుకు పోతుంది?

ఊడబోయే పన్ను దగ్గరికే నాలుక పోతుంది. ఆరుతున్న పుండు చెక్కును గోకాలనిపిస్తుంది. గోకితే నొప్పి పుడుతుందని తెలుసు, రక్తం వస్తుందని తెలుసు. అయినా చెయ్యి ఊరుకోదు. మనసు కూడా అంతే. దీనికి మాకు తెలిసినంతలో మూడు కారణాలున్నాయి.

మొదటిది, ప్రమాదాన్ని గమనించడం మన శరీరానికి ఉన్న రక్షణ. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఒకటి ఉంది. భయం కలిగించేది ఏది కనపడినా అది ముందుగా స్పందిస్తుంది. పొలం గట్టు మీద పాము కనిపిస్తే చూపు దాని మీద నుంచి తిప్పలేము కదా. తిప్పకపోవడమే మంచిది కూడా. ఆ గుణమే తెర మీద కనిపించే బొమ్మ దగ్గర కూడా పని చేస్తుంది. శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. గట్టు మీద పాము వెళ్ళిపోతే భయం దిగిపోతుంది. ఫోనులోని బొమ్మ వెళ్ళిపోదు. నొక్కినప్పుడల్లా వస్తుంది.

రెండవది, తెలియకపోవడాన్ని మనసు భరించలేదు. 2016లో అమెరికాలో క్రిస్టఫర్ హ్సీ, బోవెన్ రువాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. కొందరిని కూర్చోబెట్టి, ముందు కొన్ని పెన్నులు పెట్టారు. కొన్ని పెన్నులను నొక్కితే చిన్న కరెంటు షాకు కొడుతుంది, కొన్నింటిలో ఏమీ ఉండదు. ఏది షాకు కొడుతుందో, ఏది కొట్టదో ముందే తెలిసినవాళ్ళు తక్కువ పెన్నులు నొక్కారు. ఏది ఏమిటో తెలియనివాళ్ళు ఎక్కువ నొక్కారు. నొక్కమని ఎవరూ బలవంతపెట్టలేదు. షాకు తగిలితే తగిలింది, సంగతి తేలిపోవాలి అనే ఆరాటమే వాళ్ళ చేత నొక్కించింది.

మూడవది దుఃఖానికి సంబంధించినది. పోయినవాళ్ళకు దగ్గరగా ఉండాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఆ బొమ్మ ఎంత ఘోరమైనదైనా, అందులో ఉన్నది తన మనిషి. చూడటం మానేస్తే వాళ్ళను అక్కడ ఒంటరిగా వదిలేసి వచ్చినట్టు అనిపిస్తుంది.

ఒకసారి చూస్తే ఆరాటం కొంచెం తగ్గుతుంది. కొద్దిసేపటికి మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ చూస్తాము. దురద, గోకుడు లాగా ఇది ఒక చక్రంలో పడిపోతుంది.

ఆ తండ్రి వెతికింది ఏమిటి?

నాలుగోసారి వచ్చినప్పుడు మేము "చూడకండి" అనలేదు. ఓ.పి. రద్దీ తగ్గాక కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి ఒక్కటే అడిగాము. "బాబాయ్, ఆ వీడియోలో మీరు దేనికోసం చూస్తున్నారు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా వాడి కుడిచెయ్యి కొంచెం కదిలినట్టుంటది సిస్టరమ్మా. ఒకసారి కదిలినట్టుంటది, ఒకసారి లేనట్టుంటది. అప్పటికి ప్రాణం ఉందేమోనని చూస్తన్నా. ఉంటే వాడు నన్ను పిలిచుంటాడు కదా. ఎవరన్నా తొందరగా ఎత్తుకొస్తే బతికేవాడు కదా."

అప్పుడు అర్థమైంది మాకు. ఆయనకు ఒక ప్రశ్న ఉంది. దానికి జవాబు ఆ వీడియోలో దొరుకుతుందని వెతుకుతున్నాడు. అర నిమిషం వీడియోలో ఆ జవాబు లేదు. రెండు నెలలు చూసినా, రెండేళ్ళు చూసినా దొరకదు. కాని జవాబు వేరే చోట ఉంది. ఆ అబ్బాయిని 108 వాళ్ళు తీసుకువచ్చింది మా క్యాజువాలిటీకే. కేసుషీటు మా రికార్డు రూములోనే ఉంది. పోస్టుమార్టం రిపోర్టు నకలు ఆయన ఇంట్లోనే, ఎవరూ చదివి చెప్పకుండా, ట్రంకుపెట్టెలో ఉంది.

మరుసటి వారం రెండూ ముందు పెట్టుకుని మా సర్జన్‌గారు ఆయనతో, ఆయన భార్యతో ముప్పావుగంట కూర్చున్నారు. ఏ సమయానికి ఫోను వెళ్ళింది, ఏ సమయానికి వచ్చారు, దెబ్బ ఎక్కడ తగిలింది, పుర్రె ఎముక ఎలా విరిగింది, అన్నీ తెలుగులో, మెల్లగా చెప్పారు. "ఇంత దెబ్బ తగిలితే ఆ క్షణంలోనే స్పృహ పోతుంది. మీ అబ్బాయి పిలవలేదు. నొప్పి తెలియలేదు. ఎంత తొందరగా తెచ్చినా మేము బతికించగలిగేవాళ్ళం కాదు" అన్నారు. ఆయన అదే ప్రశ్న నాలుగుసార్లు అడిగాడు. డాక్టరుగారు నాలుగుసార్లూ విసుక్కోకుండా అదే జవాబు చెప్పారు.

చూడనివ్వకపోతే ఏమవుతుంది?

అలాగని బాధపెట్టేది దేన్నీ చూడనివ్వకూడదని మీరు అనుకుంటే అదీ పొరపాటే. మేము స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో, వేరొక ఆసుపత్రిలో, బిడ్డ చనిపోయి పుడితే తల్లికి చూపించే అలవాటు ఉండేది కాదు. గుడ్డలో చుట్టి వెంటనే బయటికి పంపేసేవాళ్ళం. చూస్తే తట్టుకోలేదని పెద్దవాళ్ళు అనేవారు. మేమూ అలాగే నమ్మాము. ఒక తల్లి "ఒక్కసారి చూపించండమ్మా" అని మా చెయ్యి పట్టుకుని అడిగింది. "వద్దమ్మా, చూస్తే మర్చిపోలేవు" అని చెప్పి చెయ్యి విడిపించుకున్నాము.

చాలా ఏళ్ళ తర్వాత ఆమె తన కూతురి కాన్పుకు తోడుగా మా ఆసుపత్రికి వచ్చింది. మమ్మల్ని గుర్తుపట్టింది. మనవరాలిని చేతికిచ్చాక మమ్మల్ని అడిగిన మొదటి మాట ఇది: "సిస్టరమ్మా, ఆ బాబు ఎవరి పోలికో మీకేమైనా గుర్తుందా?"

మాకు గుర్తు లేదు. ఆ మాటే చెప్పాము. ఇంకేమి చెప్పగలం? "రోజుకో మొహం కనపడుద్దమ్మా. ఒక్క మొహం చూసుంటే సరిపోను" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

ఈ విషయంలో పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పలేదు. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, చనిపోయి పుట్టిన బిడ్డను ఎత్తుకున్న తల్లుల్లో తర్వాత దిగులు ఎక్కువగా కనిపించిందని రాశారు. స్వీడన్‌లో జరిగిన అధ్యయనాలు బిడ్డతో కొంతసేపు గడపనివ్వడం, ఒక గుర్తు ఉంచుకోనివ్వడం మేలని చెప్పాయి. ఇప్పుడు మా లేబర్ రూములో మేము పాటించేది ఇది: బలవంతంగా చూపించము, బలవంతంగా దాచము. తల్లిని అడుగుతాము. బిడ్డ ఎలా ఉన్నాడో ముందుగా మాటల్లో చెబుతాము. చూస్తానంటే శుభ్రంగా తుడిచి, మెత్తని గుడ్డలో చుట్టి ఒడిలో పెడతాము. ఒక సిస్టరు పక్కనే ఉంటుంది. వద్దంటే వద్దు. గంట తర్వాత మళ్ళీ ఒకసారి అడుగుతాము, ఎందుకంటే మొదట వద్దన్నవాళ్ళు తర్వాత కావాలనుకోవచ్చు.

అద్దం సంగతి

కాలిన గాయాలతో ఒక అమ్మాయి మా వార్డులో రెండు నెలలు ఉంది. స్టవ్ మంట అంటుకుని ముఖం ఒక వైపు కాలింది. చూస్తే కుమిలిపోతుందని వార్డులో అద్దాలన్నీ తీయించాము. ఒక రోజు అన్నం పళ్ళెం తీసుకోవడానికి వెళ్ళిన ఆయా గమనించింది. ఆ అమ్మాయి స్టీలు పళ్ళెం వెనక్కి తిప్పి, దానిలో ముఖం చూసుకుంటోంది. రాత్రిళ్ళు కిటికీ అద్దంలో చూసుకుంటోందట. ఫోను ఆపేసి నల్లటి తెరలో చూసుకుంటోందట. వంకర పళ్ళెంలో, చీకటి కిటికీలో కనిపించే ముఖం ఉన్నదానికంటే వికారంగానే ఉంటుంది కదా.

తర్వాత ఒక పద్ధతి పెట్టాము. మొదట చేతి మీది మచ్చలు చూపించి, చర్మం ఎలా మానుతుందో చెప్పాము. తర్వాత కాలని వైపు నుంచి, పగటి వెలుతురులో, వాళ్ళమ్మ పక్కన ఉండగా, నిజమైన అద్దం చేతికిచ్చాము. ఏడ్చింది. ఏడవనిచ్చాము. కాలిన మచ్చ ఎర్రదనం, గట్టిదనం తగ్గడానికి ఒక ఏడాది, ఒక్కొక్కసారి రెండేళ్ళు కూడా పడుతుందని, ఇప్పుడు కనిపించేదే చివరి రూపం కాదని చెప్పాము. రోజూ డ్రెస్సింగ్ తర్వాత ఒక్కసారి చూసుకోవాలి, ఆ పైన మచ్చకు నూనె రాసి మర్దన చేసుకోవాలి అని ఒప్పందం. పళ్ళెం తిప్పడం దానంతట అదే ఆగిపోయింది.

నంబరు చూడటం

2021 వేసవిలో కోవిడ్ రెండవ ఉధృతి అప్పుడు ఆక్సీమీటరు లేని వీధి లేదు. ఇంట్లో ఐసొలేషన్‌లో ఉన్నవాళ్ళు ఐదు నిమిషాలకొకసారి వేలు పెట్టి చూసుకునేవారు. 97 వస్తే ఊపిరి పీల్చుకునేవారు, 96 వస్తే మాకు ఫోను చేసేవారు. చేతులు చల్లగా ఉన్నా, గోళ్ళరంగు ఉన్నా నంబరు తప్పు చూపవచ్చు. చూసిన ప్రతిసారీ భయం పెరిగేది, భయంతో ఆయాసం వచ్చేది.

ఫోనులో మేము చెప్పినది రెండే మాటలు. రోజుకు నాలుగుసార్లు, కాగితం మీద రాసిపెట్టుకున్న సమయానికి మాత్రమే చూడండి. 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా వెంటనే బయలుదేరండి. ఏ నంబరుకు ఏమి చేయాలో తెలిశాక చాలామంది ఆక్సీమీటరును అలమరలో పెట్టగలిగారు.

తెర మీద పదే పదే

2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలినప్పుడు టీవీ ముందు కూర్చున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఈ రోజుల్లో టీవీ అక్కరలేదు, చేతిలో ఫోను చాలు.

2013 ఏప్రిల్ 15న అమెరికాలో బోస్టన్ మారథాన్ పరుగు పందెం దగ్గర బాంబులు పేలాయి. తర్వాత కొన్ని వారాలకు పరిశోధకులు నాలుగు వేల మందికి పైగా ప్రజలను ప్రశ్నించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలు, దృశ్యాలు చూసినవాళ్ళలో కనిపించిన ఆందోళన లక్షణాలు, సంఘటన స్థలంలో ఉన్నవాళ్ళకంటే కూడా ఎక్కువగా ఉన్నాయట. ముందే ఆందోళన ఎక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ చూసి ఉండవచ్చు, అది వేరే మాట. ఎలా చూసినా, అంతసేపు చూడటం వల్ల ఎవరికీ మేలు జరగలేదు.

చిన్నపిల్లల విషయం మరీ జాగ్రత్త. టీవీలో ఒకే దృశ్యం పదిసార్లు వేస్తే, పదిసార్లు జరిగిందని అనుకునే వయసు వాళ్ళది.

మేలు చేసే చూపు, కీడు చేసే చూపు

మరి ఏది చూడాలి, ఏది చూడకూడదు? మేము మా నర్సులకు, పేషెంట్ల బంధువులకు మూడు ప్రశ్నలు నేర్పుతున్నాము. మీరూ వేసుకోండి.

1. చూసిన తర్వాత నేను చేయవలసిన పని ఏమైనా ఉందా?

2. నిన్న చూసినదానికంటే ఈరోజు కొత్తగా ఏమైనా తెలిసిందా?

3. నేను పగటిపూట, ఒకరి తోడుతో చూస్తున్నానా? లేక రాత్రిపూట, దాచుకుని, ఒంటరిగా చూస్తున్నానా?

షుగరు ఉన్నవాళ్ళు రోజూ సాయంత్రం రెండు పాదాలు, వేళ్ళ సందులు, అవసరమైతే కింద అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోవాలి. పుండు కనపడుతుందేమోనని భయమే. అయినా చూడాలి. చూస్తే చేయవలసిన పని ఉంది, కాలు దక్కుతుంది. స్త్రీలు రొమ్ములో గడ్డ తగిలితే ఒకసారి చూసుకుని డాక్టరుకు చూపించాలి. డాక్టరు దగ్గరకు వెళ్ళకుండా రోజుకు ఇరవైసార్లు నొక్కి నొక్కి చూసుకోవడం కీడు చేసే చూపు.

ఇంట్లో చేయదగినవి

1. "చూడకు" అని ఊరుకోకండి. "దేనికోసం చూస్తున్నావు?" అని నెమ్మదిగా అడగండి. జవాబు వచ్చేవరకు ఆగండి.

2. లోపల ప్రశ్న ఉంటే, దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళండి. కేసుషీటు వివరాలు అడగడానికి మొహమాటపడకండి. పేషెంటు గాని, అధికారం ఉన్న బంధువు గాని అడిగితే 72 గంటలలోపు రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనలలోనే ఉంది.

3. వీడియోను, ఫోటోను బలవంతంగా తీసేయకండి. గొడవ పెరుగుతుంది. వాళ్ళు ఒప్పుకుంటే నమ్మకమైన ఒకరి ఫోనులోకి మార్చి పెట్టండి. కావాలంటే చూడవచ్చు, కాని అడిగి, పగలు, ఆ మనిషి పక్కన ఉండగా చూడాలి. అంత మాత్రానికే చాలావరకు తగ్గుతుంది.

4. రాత్రి పడుకునే గదిలో ఫోను పెట్టకండి. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆటో డౌన్‌లోడ్ ఆపివేయండి.

5. పోయినవాళ్ళు బాగున్నప్పటి ఫోటో ఒకటి కడిగించి ఇంట్లో అందరికీ కనిపించే చోట పెట్టండి. వాళ్ళ గురించి మాట్లాడండి. పేరు ఎత్తకపోతే మర్చిపోతారనుకోవడం పొరపాటు.

6. ప్రమాదం చూస్తే ఫోను తీయండి, వీడియో కోసం కాదు, 108కి చేయడానికి. మన రాష్ట్రంలో ఆ సేవ 2005 ఆగస్టు 15 నుంచి ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, గాయపడినవారిని మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవాళ్ళకు రక్షణ ఇస్తుంది.

7. అటువంటి వీడియో మీకు వస్తే మీ దగ్గరే ఆపేయండి. అది ఏ తండ్రి ఫోనుకు చేరుతుందో మీకు తెలియదు.

ఎప్పుడు సహాయం తీసుకోవాలి?

ఒక నెల దాటినా ఆ దృశ్యం కళ్ళముందు మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టే ఉంటే, కలల్లో వచ్చి ఉలిక్కిపడి లేస్తుంటే, ఆ దారిన వెళ్ళలేకపోతుంటే, తిండి, నిద్ర, పని దెబ్బతింటే మానసిక వైద్యులకు చూపించండి. ఇది పిచ్చి కాదు. దీనికి వైద్యం ఉంది. బతకాలని లేదని అంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు, మనిషిని ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. పగలైనా రాత్రయినా, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు.

చివరగా

ఆ రైతు సంగతి అడుగుతారని తెలుసు. సర్జన్‌గారితో మాట్లాడిన రోజు సాయంత్రమే అంతా మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ వారంలో కూడా రెండుసార్లు చూశాడు. తర్వాత తనే ఫోను తెచ్చి తమ్ముడికిచ్చి, "నీ దాంట్లో పెట్టుకో, నా దాంట్లో తీసెయ్" అన్నాడట. నెలకొకసారి బి.పి. చూపించుకోవడానికి వస్తున్నాడు. నిద్ర మాత్ర ఆపేశారు. కొడుకు మొహం తలచుకుంటే మొదట్లో రోడ్డు మీది మొహమే వచ్చేదని, ఇప్పుడు అప్పుడప్పుడు పొలంలో మోటారు దగ్గర తడిసి నవ్విన మొహం కూడా వస్తోందని ఈ మధ్య చెప్పాడు.

మా డ్యూటీ రూములో కూడా ఒక మార్పు చేశాము. క్యాజువాలిటీకి ఘోరమైన కేసు వచ్చిన రోజు, షిఫ్టు అయ్యాక పది నిమిషాలు అందరం కూర్చుని మాట్లాడుకుంటాము. ఏమి చూశాము, ఏమి చేయగలిగాము, ఏమి చేయలేకపోయాము అని. ఫోనులో వెతికి చూడాలనే ఆరాటం అందులోనే చాలావరకు తీరిపోతోందని పిల్లలు అంటున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా రాత్రిపూట ఒంటరిగా వెలుగుతున్న తెర ముందు కూర్చుని ఉంటే, దీపం వేసి, పక్కన కూర్చోండి. ఫోను లాక్కోకండి. అడగండి.